గర్భంతో ఉన్నప్పుడు వైరస్ సోకితే బిడ్డకు ముప్పు ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

కడుపుతో ఉన్నప్పుడు కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, బిడ్డకేమవుతుందోనని భయం పట్టుకుంటుంది. ఇంట్లోవాళ్ళు తలో మాట అంటారు. ఫోన్‌లో వెతికితే అన్నిటికన్నా భయపెట్టేదే ముందు కనిపిస్తుంది. నిజానికి చాలా వైరస్‌లు కడుపులో బిడ్డ దాకా వెళ్ళవు. వెళ్ళేవి కొన్నే, కానీ వాటి విషయంలో ఏమరుపాటు పనికిరాదు. మూడు సంగతులు తేలితే తప్ప ఎవరికీ సరైన జవాబు చెప్పలేం: సోకింది ఏ వైరస్, అప్పటికి ఎన్నో వారం, ఇప్పుడే కొత్తగా సోకిందా లేక ఎప్పుడో వచ్చిపోయిందా. కింద చదివేది మీ డాక్టర్ చెప్పేదానికి బదులు కాదు. డాక్టర్ దగ్గర ఏం అడగాలో ముందే తెలిసి ఉండటానికి రాసింది.

తల్లికి సోకిన ప్రతి వైరస్ బిడ్డకూ సోకుతుందా?

సోకదు. మామూలు జలుబు, గొంతునొప్పి, ఒకటి రెండు రోజుల విరేచనాలు తెచ్చే వైరస్‌లు చాలావరకు ముక్కులోనో, గొంతులోనో, పేగుల్లోనో ఉండిపోతాయి. రక్తంలోకి వచ్చినవాటికి కూడా మాయ, అంటే తల్లినీ బిడ్డనూ కలిపే ప్లాసెంటా, అడ్డు ఉంటుంది. తల్లి రక్తానికి తగిలే మాయ పైపొరలో కణాలు విడివిడిగా ఉండవు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి అతుకులేని గుడ్డలా పరుచుకుని ఉంటాయి. సందు దొరక్క చాలా వైరస్‌లు అక్కడే ఆగిపోతాయి.

రుబెల్లా, సైటోమెగాలో వైరస్, ఆటలమ్మ తెచ్చే వైరస్, పార్వోవైరస్, జికా వంటివి మాత్రం ఈ అడ్డు దాటగలవు. హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ, హెర్పిస్ ఎక్కువగా కాన్పు సమయంలో, తల్లి రక్తం, స్రావాలు తగిలినప్పుడు సోకుతాయి. ఇంకో రకం ఉంది. అక్కడ వైరస్ బిడ్డను తాకదు, కానీ తల్లి పరిస్థితి విషమించి ఆ దెబ్బ బిడ్డ మీద పడుతుంది. తీవ్రమైన ఫ్లూ అలాంటిదే.

ఏ నెలలో సోకితే ప్రమాదం ఎక్కువ?

మొదటి మూడు నెలలు అని అందరూ చెప్పేది చాలావరకు నిజం. గుండె, కళ్ళు, చెవి లోపలి భాగం, మెదడు ఏర్పడేది అప్పుడే. ఆ పని జరుగుతుండగా వైరస్ చేరితే అవయవం తయారీలోనే లోపం వస్తుంది. అయితే నెలలు గడిచేకొద్దీ ముప్పు తగ్గుతుందని అన్ని వైరస్‌ల గురించీ అనలేం. సైటోమెగాలో వైరస్ తల్లి నుంచి బిడ్డకు చేరే అవకాశం నెలలు నిండేకొద్దీ పెరుగుతుంది, చేరినప్పుడు జరిగే హాని మాత్రం తగ్గుతుంది. ఆటలమ్మ కాన్పు రోజుల్లో వస్తే మళ్ళీ ప్రమాదకరం. హెర్పిస్‌కైతే ఆఖరి వారాలే గడ్డుకాలం.

అందుకే ఒంటి మీద దద్దుర్లు కనిపించినా, జ్వరం వచ్చినా ఆ తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. రెండు నెలల తర్వాత డాక్టర్ అడిగేది అదే.

రుబెల్లా అంటే చిన్నపిల్లలకు వచ్చిపోయే దద్దుర్లే కదా, దానికింత భయమెందుకు?

పిల్లలకైతే అది నిజంగా చిన్న జబ్బే. సన్నటి దద్దుర్లు, కొంచెం జ్వరం, చెవుల వెనక బిళ్ళలు, మూడు రోజుల్లో పోతుంది. సోకినవాళ్ళలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. చిక్కంతా కడుపులో బిడ్డతోనే.

గర్భంలో వచ్చిన వైరస్ వల్ల బిడ్డకు లోపాలు రావచ్చని ప్రపంచానికి మొదట తెలిసింది రుబెల్లాతోనే. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టర్, పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలు ఒక్కసారిగా ఎక్కువమంది రావడం గమనించారు. తన దగ్గరికీ, తోటి డాక్టర్ల దగ్గరికీ వచ్చిన 78 మంది పిల్లల వివరాలు పోగుచేసి చూస్తే, దాదాపు అందరి తల్లులకూ గర్భం తొలి రోజుల్లో రుబెల్లా వచ్చింది. మాయ అన్నిటినీ ఆపేస్తుందని నమ్మిన కాలం అది. తల్లులను కూర్చోబెట్టి అడిగి, వాళ్ళు చెప్పింది శ్రద్ధగా విన్నందుకే ఈ సంగతి బయటపడింది.

మొదటి 12 వారాల్లో తల్లికి రుబెల్లా సోకితే, పుట్టే బిడ్డకు లోపాలు వచ్చే అవకాశం 80 శాతం పైనే. శుక్లాలు, చెవుడు, గుండె లోపాలు, తల చిన్నగా ఉండటం, ఎదుగుదల మందగించడం వీటిలో ముఖ్యమైనవి. గర్భస్రావమూ జరగవచ్చు. 20 వారాలు దాటాక సోకితే లోపాలు చాలా అరుదు. 1964, 65లో అమెరికాలో వచ్చిన పెద్ద వ్యాప్తి తర్వాత సుమారు 20,000 మంది పిల్లలు ఈ లోపాలతో పుట్టారు. 1969లో టీకా వచ్చింది. 2015 నాటికి ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో రుబెల్లా స్థానికంగా వ్యాపించడమే ఆగిపోయింది. ఇంత ఘోరాన్ని ఒక టీకా ఆపగలుగుతున్నప్పుడు, ఇంకా ఎక్కడైనా ఒక బిడ్డ దీనివల్ల చూపు, వినికిడి లేకుండా పుట్టడం అన్యాయం.

నాకు రుబెల్లా టీకా పడిందో లేదో గుర్తు లేదు. ఇప్పుడు మూడో నెల. వేయించుకోవచ్చా?

ఇప్పుడు వద్దు. అది బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసే టీకా కాబట్టి గర్భంలో ఇవ్వరు. రక్తపరీక్షలో రక్షణ ఉందో లేదో తెలుస్తుంది. లేకపోతే దద్దుర్లున్నవాళ్ళకు దూరంగా ఉండండి, ఇంట్లో మిగతావాళ్ళు టీకా వేయించుకోవాలి, మీరు కాన్పయిన వెంటనే వేయించుకోవాలి. పాలిచ్చే తల్లికి ఇబ్బంది లేదు. ఇంకా గర్భం రానివాళ్ళయితే టీకా తర్వాత ఒక నెల ఆగి ప్రయత్నించాలి.

గర్భం అని తెలియక టీకా వేయించుకున్నాను. గర్భం తీయించుకోమంటున్నారు.

ఆ అవసరం లేదు. ఇలా పొరపాటున వేయించుకున్న వేలమంది గర్భిణులను పరిశీలించారు. టీకా వల్ల బిడ్డకు రుబెల్లా లోపాలు వచ్చిన దాఖలా లేదు. టీకా పడిందన్న ఒక్క కారణంతో గర్భం తీసేయడం సరైన సలహా కాదు. డాక్టర్‌కి చెప్పి, మామూలుగా జరిగే స్కానింగ్‌లు చేయించుకోండి.

సైటోమెగాలో వైరస్ పేరే వినలేదు. అంత ముఖ్యమా?

పుట్టుకతో వచ్చే ఇన్ఫెక్షన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. డాక్టర్లు పొట్టిగా సీఎంవీ అంటారు. సుమారు 200 మంది శిశువుల్లో ఒకరు దీనితో పుడతారు, కొన్ని ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ. అలా పుట్టిన ఐదుగురిలో ఒకరికి దీర్ఘకాలం ఉండే సమస్య వస్తుంది. ఎక్కువగా వినికిడి లోపం, కొందరిలో మెదడు ఎదుగుదల లోపం, మూర్ఛ, చూపు సమస్యలు. వంశపారంపర్యం కాని బాల్య చెవుడుకు ఇదే అతి పెద్ద కారణం. అయినా గర్భిణులకు దీని పేరు చెప్పేవాళ్ళు తక్కువ. నా దృష్టిలో ఈ జాబితాలో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురైన వైరస్ ఇదే.

పెద్దవాళ్ళకు సోకినప్పుడు తెలియదు. మహా అయితే నాలుగు రోజులు నీరసం, కాస్త జ్వరం. ఒకసారి సోకాక జీవితాంతం ఒంట్లోనే నిద్రాణంగా ఉంటుంది. గర్భంలో మొదటిసారి సోకితే ప్రతి ముగ్గురిలో ఒకరికి అది బిడ్డకు చేరుతుంది. పాతది తిరగబెడితే చేరే అవకాశం దాదాపు 1 శాతమే. హాని ఎక్కువగా జరిగేది మొదటి మూడు నెలల్లో, గర్భం రావడానికి కాస్త ముందూ వెనకా సోకినప్పుడు.

దీనికి ఇంకా టీకా లేదు. కొత్తగా సోకినట్టు తొలి నెలల్లోనే తేలితే, వాలాసైక్లోవిర్ అనే మందును పెద్ద మోతాదులో ఇచ్చి బిడ్డకు చేరకుండా ఆపే ప్రయత్నం కొన్నిచోట్ల చేస్తున్నారు. సొంతంగా వాడే మందు కాదది, కిడ్నీల పనితీరు చూస్తూ ఇవ్వాలి.

ఇంట్లో రెండేళ్ళ బాబు ఉన్నాడు. నాకు ఐదో వారం. వాడితో ఎలా ఉండాలి?

సీఎంవీ విషయంలో అడగాల్సిన ప్రశ్నే ఇది. ఈ వైరస్ గర్భిణికి ఎక్కువగా వచ్చేది చిన్నపిల్లల ఎంగిలి నుంచి, మూత్రం నుంచి. మూడేళ్ళలోపు పిల్లలు, ముఖ్యంగా నలుగురు పిల్లలతో కలిసి ఆడుకునేవాళ్ళు, ఒకసారి సోకాక నెలల తరబడి చొంగలో, మూత్రంలో వైరస్‌ను వదులుతూనే ఉంటారు. చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు.

తల్లి రోజంతా ఏం చేస్తుందో గమనించండి. వాడు తిని వదిలేసిన ముద్ద పారేయలేక తన నోట్లో వేసుకుంటుంది. వేడి చూడటానికి అదే చెంచాతో రుచి చూస్తుంది. వాడి ముక్కు కొంగుతో తుడిచి, అదే చేత్తో తన మొహం తుడుచుకుంటుంది. డైపర్ మార్చాక చేతులు నీళ్ళతో తడిపి వదిలేస్తుంది. మానుకోవాల్సినవి ఈ చిన్న పనులే. గర్భం పూర్తయ్యేదాకా బాబు ఎంగిలి తినకండి. చెంచా, గ్లాసు, టూత్‌బ్రష్ వేరుగా పెట్టండి. మూతి మీద కాకుండా నుదుటి మీద, నెత్తి మీద ముద్దు పెట్టుకోండి. డైపర్ మార్చాక, ముక్కు, చొంగ తుడిచాక సబ్బుతో 20 సెకన్ల పాటు చేతులు కడుక్కోండి. బాబును దగ్గరికి తీసుకోవడం, పక్కలో పడుకోబెట్టుకోవడం మానక్కర్లేదు. రెండో బిడ్డ కోసం మొదటి బిడ్డను దూరం పెట్టమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు.

పసిపిల్లలను చూసుకునే ఉద్యోగం చేసేవాళ్ళకూ ఇవే జాగ్రత్తలు.

టార్చ్ టెస్ట్‌లో పాజిటివ్ వచ్చింది. బిడ్డకు ఇన్ఫెక్షన్ ఉన్నట్టేనా?

ఈ కాగితం పట్టుకుని ఏడ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళలో ఎక్కువమందికి నిజానికి ఏ సమస్యా ఉండదు. కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

టార్చ్ అంటే కడుపులో బిడ్డకు హాని చేయగల కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం చేసే రక్తపరీక్ష. అందులో ప్రతి సూక్ష్మజీవికీ రెండు వరుసలుంటాయి. ఐజీజీ ఒకటి, ఐజీఎం ఒకటి. రెండూ యాంటీబాడీలే, అంటే సూక్ష్మజీవితో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునే రక్షక పదార్థాలు. ఐజీజీ అంటే పాత జ్ఞాపకం. ఎప్పుడో ఆ జబ్బు వచ్చిపోయిందనో, టీకా పడిందనో అర్థం. రిపోర్టులో 'రుబెల్లా ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగటివ్' అని ఉంటే అది శుభవార్త, మీకు రక్షణ ఉంది. ఎర్ర అక్షరాల్లో, లావు అక్షరాల్లో అచ్చేసినంత మాత్రాన అది జబ్బు కాదు. రెండూ నెగటివ్ అయితే మీకు ఇప్పటిదాకా సోకలేదు, రక్షణా లేదు, జాగ్రత్తగా ఉండాలి.

ఐజీఎం పాజిటివ్ వచ్చినప్పుడే చిక్కు. ఈమధ్యే సోకి ఉండవచ్చు. కానీ ఐజీఎం కొందరిలో నెలల తరబడి పోదు, ఒక్కోసారి వేరే ఇన్ఫెక్షన్ వల్ల కూడా తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. అందుకే తర్వాత ఐజీజీ అవిడిటీ అనే పరీక్ష అడగాలి. యాంటీబాడీ వైరస్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో అది కొలుస్తుంది. అవిడిటీ ఎక్కువగా ఉంటే ఇన్ఫెక్షన్ కనీసం మూడు నాలుగు నెలల పాతది. మీరు అప్పుడు పదో వారంలో ఉంటే, అది గర్భానికి ముందటిదే అన్నమాట. తక్కువగా ఉంటే ఈమధ్యే సోకిందని అనుమానించి పెద్ద ఆసుపత్రిలో చూపించుకోవాలి. రెండు మూడు వారాల తేడాతో రెండోసారి రక్తం తీసి పోల్చడం కూడా ఉపయోగపడుతుంది.

ఒకటి గట్టిగా చెప్పాలి. ఒక్క ఐజీఎం పాజిటివ్ రిపోర్టు చూసి గర్భం తీయించుకోవడం వంటి నిర్ణయం ఎప్పుడూ తీసుకోకండి. లక్షణాలు లేకుండా, అనుమానం లేకుండా అందరికీ ఈ పరీక్ష మొత్తంగా చేయడం వల్ల మేలు కన్నా భయమే ఎక్కువ. మాటిమాటికీ గర్భస్రావాలు అవుతున్నాయని టార్చ్ రాయించుకునేవాళ్ళూ ఉన్నారు. వరుస గర్భస్రావాలకు ఈ ఇన్ఫెక్షన్లు సాధారణంగా కారణం కావు.

తల్లికి సోకిందని ఖాయమైంది. బిడ్డకు చేరిందో లేదో ఎలా తెలుస్తుంది?

సన్నటి సూదితో ఉమ్మనీరు తీసి, అందులో వైరస్ జన్యుపదార్థం ఉందేమో వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు. తొందరపడితే లాభం లేదు. సీఎంవీకైతే 20 వారాలు దాటాలి, తల్లికి సోకి కనీసం ఆరు వారాలు గడవాలి. బిడ్డ మూత్రంలో వైరస్ బయటికి వచ్చి ఉమ్మనీటిలో కలవడానికి అంత సమయం పడుతుంది. ముందే చేస్తే తప్పుడు నెగటివ్ రావచ్చు. ఉమ్మనీటిలో వైరస్ ఉన్నా బిడ్డకు లోపం ఉందని అర్థం కాదు, సోకిందని మాత్రమే. తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకోసారి స్కానింగ్, అవసరమైతే ఎంఆర్ఐ.

ఏడో నెలలో ఉన్నాను, నిన్న కలిసి కూర్చున్న చుట్టాలబ్బాయికి ఇవాళ ఆటలమ్మ వచ్చింది.

మీకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా, లేక రెండు డోసుల టీకా పడిందా? అయితే నిశ్చింతగా ఉండండి. గుర్తు లేకపోతే ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేసి, ఐజీజీ పరీక్ష చేయించుకోండి. రక్షణ లేదని తేలితే వెరిసెల్లా ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ ఉంది, అందులో ఆటలమ్మ వైరస్‌పై పనిచేసే తయారు యాంటీబాడీలు ఉంటాయి. తగిలిన 10 రోజుల్లోపు ఇవ్వచ్చు, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. అది దొరకనిచోట వైరస్‌ను అణిచే అసైక్లోవిర్ మాత్రలు ఇస్తారు. ముందుగా చెప్పకుండా ఆసుపత్రి వెయిటింగ్ హాల్లోకి వెళ్ళకండి, అక్కడ ఇంకో గర్భిణి ఉంటుంది.

పొక్కులు వచ్చేస్తే అసైక్లోవిర్ మొదటి 24 గంటల్లో మొదలుపెట్టాలి. ఊపిరి ఆడకపోయినా, దగ్గు ఎక్కువైనా ఆసుపత్రిలో చేరాలి. గర్భిణికి ఆటలమ్మతో వచ్చే న్యుమోనియా ప్రాణాల మీదికి తెస్తుంది. బిడ్డ సంగతికొస్తే, 20 వారాల్లోపు సోకితే చర్మం మీద మచ్చలు, కాళ్ళు చేతులు సన్నబడటం, కంటి, మెదడు లోపాలు రావచ్చు. ఆ అవకాశం 2 శాతం లోపే. ఏడో నెలలో అలాంటి లోపాల భయం దాదాపు లేదు. కాన్పుకు 5 రోజుల ముందు నుంచి 2 రోజుల తర్వాత వరకు తల్లికి పొక్కులు వస్తే మాత్రం బిడ్డకు చాలా ప్రమాదం. తల్లి నుంచి యాంటీబాడీలు అందేలోపే వైరస్ అందుతుంది. అలాంటి బిడ్డకు పుట్టగానే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వాలి.

బడిలో పిల్లలకు బుగ్గలు ఎర్రబడే జ్వరం వస్తోంది. నేను టీచర్‌ని, నాలుగో నెల.

అది పార్వోవైరస్ బి19 కావచ్చు. పెద్దవాళ్ళలో సగం మందికి పైగా ఇది చిన్నప్పుడే వచ్చిపోయి రక్షణ ఉంటుంది. రక్తపరీక్షతో తెలుస్తుంది. రక్షణ లేనివాళ్ళకు 20 వారాల్లోపు సోకితే, కొందరి బిడ్డల్లో ఎర్ర రక్తకణాల తయారీ ఆగి రక్తహీనత వస్తుంది. అది ముదిరితే ఒంట్లో నీరు చేరి ఉబ్బుతుంది, ప్రాణం పోవచ్చు.

ఇందులో ఊరటనిచ్చే విషయం కూడా ఉంది. అవయవ లోపాలు తెచ్చే వైరస్ కాదిది. తల్లికి సోకిన నాటి నుంచి 8 నుంచి 12 వారాల పాటు డాప్లర్ స్కానింగ్‌లో బిడ్డ మెదడుకు వెళ్ళే రక్తనాళంలో రక్తం వేగం కొలుస్తారు. రక్తహీనతలో రక్తం పలచబడి వేగం పెరుగుతుంది. అలా పసిగడితే కడుపులో ఉండగానే బొడ్డుతాడు ద్వారా బిడ్డకు రక్తం ఎక్కిస్తారు. ఆ గండం గడిచిన పిల్లల్లో చాలామంది మామూలుగా ఎదుగుతారు.

నాకు హెపటైటిస్ బి ఉందట. బిడ్డకు రాకుండా ఆపగలమా?

ఆపగలం. ఇన్ని వైరస్‌లలో మన చేతిలో అన్నిటికన్నా పకడ్బందీ ఏర్పాటు ఉన్నది దీనికే. ఏమీ చేయకపోతే, వైరస్ ఎక్కువగా ఉన్న తల్లి నుంచి 90 శాతం వరకు బిడ్డలకు సోకుతుంది. పసితనంలో సోకిన పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోయి, పెద్దయ్యాక లివర్ పాడవడానికీ, క్యాన్సర్‌కీ దారితీయవచ్చు.

మొదట మీ రక్తంలో వైరల్ లోడ్, అంటే వైరస్ ఎంత ఉందో, కొలిపించండి. మిల్లీలీటరుకు 2,00,000 యూనిట్లు దాటితే 28వ వారం నుంచి వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. బిడ్డ పుట్టిన 12 గంటల్లోపు ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్ పడాలి. తర్వాత టీకా డోసులు వేళకు పూర్తిచేసి, 9 నుంచి 12 నెలల మధ్య బిడ్డకు రక్తపరీక్ష చేయించాలి. కాన్పు రాత్రిపూటో సెలవు రోజునో జరగవచ్చు, ఇంజెక్షన్ ఆ సమయానికి సిద్ధంగా ఉంటుందా అని ఎనిమిదో నెలలోనే ఆసుపత్రివాళ్ళను అడగండి. మొహమాటపడకండి. దీనికోసం ఆపరేషన్ కాన్పు అక్కర్లేదు, పాలు ఇవ్వచ్చు.

హెచ్‌ఐవీ ఉన్న తల్లికి ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పుడుతుందా?

పుడుతుంది. మందులు లేకపోతే 15 నుంచి 45 శాతం వరకు సోకే అవకాశం ఉంటుంది. తల్లి రోజూ మందులు వాడి, బిడ్డకూ పుట్టగానే మందు ఇస్తే అది 5 శాతం కన్నా కిందికి వస్తుంది, వైరస్ పూర్తిగా అదుపులో ఉంటే ఇంకా తక్కువ. ఒక్క రోజు కూడా మాత్ర మానకండి.

గర్భంలో కామెర్లు వస్తే?

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఇ మామూలు మనుషుల్లో తగ్గిపోతుంది, ఆఖరి మూడు నెలల గర్భిణుల్లో మాత్రం సోకిన నలుగురైదుగురిలో ఒకరి ప్రాణం తీయగలదు. నాటుమందులతో రోజులు గడిపే జబ్బు కాదు.

జననాంగాల దగ్గర హెర్పిస్ పుండ్లు ఉన్నాయి. మామూలు కాన్పు కావచ్చా?

పాతవే తిరగబెడుతుంటే బిడ్డకు సోకే అవకాశం చాలా తక్కువ. 36వ వారం నుంచి అసైక్లోవిర్ ఇచ్చి, నొప్పులు మొదలైనప్పుడు పుండ్లు లేకపోతే మామూలు కాన్పుకే చూస్తారు. జీవితంలో మొదటిసారి ఆఖరి ఆరు వారాల్లో వస్తే సంగతి వేరు. అప్పుడు తల్లి దగ్గర ఇంకా యాంటీబాడీలు ఉండవు, బిడ్డకు సోకే అవకాశం 30 నుంచి 50 శాతం, కాబట్టి సిజేరియన్ చేస్తారు. సిగ్గుపడి దాచకండి, పసికందుకు సోకిన హెర్పిస్ మెదడుకు పాకుతుంది.

జికా గురించి ఇప్పుడు వినిపించడం లేదు. పోయినట్టేనా?

వార్తల్లోంచి మాత్రమే పోయింది. 2015లో బ్రెజిల్‌లో తల బాగా చిన్నగా ఉన్న శిశువులు ఎక్కువగా పుట్టడంతో దీని సంగతి బయటపడింది, 2016 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. జికా సోకిన గర్భిణుల బిడ్డల్లో 5 నుంచి 15 శాతం మందికి సమస్యలు కనిపించాయి. పగలు కుట్టే ఏడిస్ దోమ దీన్ని మోస్తుంది, లైంగికంగానూ వస్తుంది. వ్యాప్తి ఉన్న చోటి నుంచి భర్త వస్తే గర్భం పూర్తయ్యేదాకా కండోమ్ వాడాలి.

అదే దోమ మోసే డెంగీ అవయవ లోపాలు తెస్తుందని తేలలేదు. కాన్పు దగ్గర్లో వస్తే తల్లికి రక్తస్రావం, బిడ్డకు జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోవడం ఉండవచ్చు. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ముట్టుకోవద్దు.

ఉత్త జ్వరమే కదా అని ఊరుకోవచ్చా? ఏ మాత్ర వేసుకోవాలి?

ఊరుకోవద్దు, కంగారూ పడొద్దు. గర్భం తొలి వారాల్లో, అంటే బిడ్డ వెన్నుపాము మూసుకునే సమయంలో, బాగా ఎక్కువ జ్వరం ఉంటే వెన్నుపాము లోపాలకు సంబంధం కనిపించింది. కాబట్టి జ్వరాన్ని తగ్గించాలి. పారాసెటమాల్ సరైన మోతాదులో వాడుకోవచ్చు. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు డాక్టర్ చెబితే తప్ప వద్దు, 20 వారాల తర్వాత అవి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించగలవు. జ్వరం రెండు రోజులు దాటినా, దద్దుర్లు, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం కనిపించినా వెంటనే వెళ్ళండి.

ఫ్లూ, కోవిడ్ గర్భిణుల్లో మిగతావాళ్ళకన్నా తీవ్రం కావచ్చు. నెలలు నిండకుండా కాన్పు కావడం, కడుపులోనే బిడ్డ చనిపోవడం వంటివి తీవ్ర కోవిడ్‌లో ఎక్కువగా కనిపించాయి.

గర్భంలో ఏ టీకాలు వేయించుకోవచ్చు?

ఫ్లూ టీకా ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ఆరు నెలల లోపు పసిబిడ్డకు ఫ్లూ టీకా ఇవ్వరు, తల్లి నుంచి అందే యాంటీబాడీలే వాడికి అండ. కోవిడ్ టీకా కూడా ఇవ్వదగినదే. శిశువుల ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆర్‌ఎస్‌వీ వైరస్‌కు ఇప్పుడు గర్భిణులకిచ్చే టీకా వచ్చింది, దేశాన్ని బట్టి 28 లేదా 32 వారాల తర్వాత ఇస్తారు. తట్టు, రుబెల్లా, ఆటలమ్మ టీకాలు మాత్రం గర్భానికి ముందో, కాన్పు తర్వాతో.

స్కానింగ్ అంతా బాగుందన్నారు. ఇక ఏ భయమూ లేనట్టేనా?

మంచి సూచనే, పూర్తి హామీ కాదు. స్కానింగ్‌లో ఆకారం కనిపిస్తుంది, పనితీరు కనిపించదు. చెవి ఉంటుంది, వినిపిస్తుందో లేదో తెలియదు. తల్లికి ఇన్ఫెక్షన్ వచ్చిందని తెలిసినప్పుడు బిడ్డకు పుట్టాక పరీక్షలు తప్పవు.

పుట్టాక ఏ పరీక్షలు చేయించాలి, ఎప్పుడు?

సీఎంవీ అనుమానం ఉంటే మొదటి 21 రోజుల్లోపు బిడ్డ మూత్రం లేదా లాలాజలం పరీక్షించాలి. ఆ గడువు దాటితే కడుపులో సోకిందా, పుట్టాక పాల ద్వారా సోకిందా చెప్పలేం. లాలాజలం తీసేటప్పుడు పాలు తాగి గంటైనా కావాలి. బుగ్గ లోపల ఒక చిన్న దూదిపుల్లను కాసేపు ఉంచి తీస్తారు. పాలలో ఉన్న వైరస్ దానికి అంటుకుంటే తప్పుడు పాజిటివ్ వస్తుంది కాబట్టి మూత్రంతో మరోసారి ఖాయం చేసుకుంటారు.

వినికిడి పరీక్ష చూస్తే చాలా సులువు. పాలు తాగి నిద్రపోతున్న బిడ్డ చెవిలో మెత్తటి రబ్బరు మొనను పెడతారు. దానిలోంచి చిన్న చప్పుళ్ళు వెళ్తాయి. లోపలి చెవి బాగుంటే అది తిరిగి సన్నటి ధ్వనిని పంపుతుంది, యంత్రం దాన్ని పట్టుకుని 'పాస్' అని చూపిస్తుంది. నొప్పి లేదు, నిమిషాల్లో అయిపోతుంది. నెల లోపు ఈ పరీక్ష, తేడా ఉంటే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి యంత్రం వంటి సాయం మొదలైతే మాటలు రావడంలో ఎంతో తేడా ఉంటుంది.

ఒక్కసారి పాస్ అయ్యాడని ఆగిపోవద్దు. సీఎంవీతో పుట్టిన పిల్లల్లో వినికిడి ఏడాదికో, మూడేళ్ళకో తగ్గడం మొదలుపెట్టవచ్చు. అందుకే ఐదారేళ్ళు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించాలి. పుట్టగానే బాగున్నాడు కదా అని వదిలేసిన పిల్లల్లో, మాటలు ఆలస్యమయ్యాక గానీ సంగతి బయటపడదు. ఆ కాలం తిరిగి రాదు.

కళ్ళను కూడా చూపించాలి. పుట్టుశుక్లానికి మొదటి వారాల్లోనే ఆపరేషన్ చేస్తేనే చూపు సరిగా ఏర్పడుతుంది. లక్షణాలతో పుట్టిన సీఎంవీ పిల్లలకు వాల్‌గాన్‌సైక్లోవిర్ సిరప్ ఆరు నెలలు ఇస్తారు, మొదటి నెలలోనే మొదలుపెట్టడం మంచిది, రక్తకణాలు తగ్గుతున్నాయేమో చూస్తూ ఉండాలి. రుబెల్లాతో పుట్టిన బిడ్డ ఏడాది వరకు వైరస్ వదలవచ్చు, కాబట్టి రక్షణ లేని గర్భిణులు ఎత్తుకోకూడదు.

గర్భంలో ఇన్ఫెక్షన్ వస్తే బిడ్డకు ఆటిజం వస్తుందంటారు, నిజమేనా?

పుట్టుకతో వచ్చిన రుబెల్లా, సీఎంవీ ఉన్న పిల్లల్లో ఆటిజం కొంత ఎక్కువగా కనిపిస్తుంది. మామూలు జ్వరాలు, ఫ్లూ విషయంలో పరిశోధనలు ఒక బలహీనమైన సంబంధం చూపించాయి, అదే కారణమని రుజువు కాలేదు. గర్భంలో జ్వరం వచ్చిన తల్లుల పిల్లల్లో అత్యధికులకు ఆటిజం రాదు.

నేను జాగ్రత్తగా లేనందువల్లే ఇలా జరిగిందా?

లేదు. ఇలా అడిగే తల్లులకు ఇంతకన్నా సూటిగా చెప్పాల్సిన మాట మరొకటి లేదు. సీఎంవీ సోకినప్పుడు తెలియదు, రుబెల్లా సగం మందిలో కనిపించదు. మీ బిడ్డకు అన్నం పెట్టినందుకో, ఉద్యోగానికి వెళ్ళినందుకో ఇది మీ తప్పు కాదు. ఇంట్లో ఎవరైనా 'అప్పుడే చెప్పాను' అంటే వాళ్ళకు ఈ జవాబు చదివి వినిపించండి. నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం వారాల తరబడి ఉంటే డాక్టర్‌కి చెప్పండి, అదీ వైద్యం అవసరమైన బాధే.

మళ్ళీ గర్భం దాలిస్తే ఆ బిడ్డకూ వస్తుందా?

రుబెల్లా, ఆటలమ్మ, పార్వోవైరస్ ఒకసారి వస్తే సాధారణంగా రక్షణ ఉండిపోతుంది. సీఎంవీ తిరగబెట్టవచ్చు, కొత్త రకం సోకవచ్చు, కానీ ముప్పు మొదటిసారి కన్నా చాలా తక్కువ. కొత్తగా సోకినట్టయితే తర్వాతి గర్భానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగమని చాలామంది డాక్టర్లు సలహా ఇస్తారు. హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు ప్రతి గర్భానికీ మొదటి నుంచి అవే ఏర్పాట్లు చేసుకోవాలి. గర్భానికి ప్రయత్నించే ముందు ఒకసారి వెళ్ళి రుబెల్లా, ఆటలమ్మ ఐజీజీ, హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకుని, లోటున్న టీకాలు వేయించుకోండి. పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టి, మొదటి చెకప్‌కు తీసుకెళ్ళండి.